తాళంచెవి లేని తలుపు

ఆ బిల్డింగులో మూడో అంతస్తు చివరి ఇంటికి చెడ్డపేరు. ఎనిమిది నెలల్లో రెండు కుటుంబాలు ఖాళీ చేశాయి. మొదట ఒక దర్జీ, పెళ్లాంపిల్లలతో సహా. తర్వాత ఒక లెక్కల మాస్టారు... "నేను ఇలాంటివి నమ్మను" అంటూ దిగి, ఇరవై రోజులకే పరుపు కూడా వదిలేసి పోయాడు. లెక్కల మాస్టారట! ఆయన దగ్గర చదువుకునే పిల్లల మీద జాలేసింది నాకు.

ఇంతకీ సంగతేమిటంటే — రాత్రి పదకొండూ పదికి ఆ ఇంటి తలుపు దానంతటదే తాళం వేసుకుంటుంది... తీసుకుంటుంది... మళ్లీ వేసుకుంటుంది.

వాచ్‌మన్ దగ్గర దీనికో కథ ఉంది. అంతకుముందు ఆ ఇంట్లో ఒక ముసలాయన పోయాడట. తలుపు తీయమని ఇప్పటికీ అడుగుతున్నాడట. బతికున్నన్నాళ్లూ ఎవరొచ్చి తలుపు కొట్టినా తీయని మనిషి, చచ్చాక ఆ తలుపు మీద అంత మోజు పెంచుకున్నాడా? వాచ్‌మన్ ముఖం మీదే నవ్వాను.

ఆ ఇంట్లోకే మా అక్క అద్దెకు దిగింది. బావ దూరప్రయాణాల బస్సు నడుపుతాడు. వారంలో ఐదు రాత్రులు రోడ్డు మీదే. ఇంట్లో అక్క, తొమ్మిది నెలల నా మేనకోడలు... అంతే.

ఇక్కణ్ణుంచి అక్క చెప్పింది చెప్పినట్టు చెబుతున్నా.

నాలుగో రోజు రాత్రి. అంతకుముందు మూడు రాత్రులూ సామాను సర్దిన అలసటతో తొమ్మిదింటికే నిద్రపోయిందట. పిల్లని పడుకోబెట్టి లైటు ఆర్పింది. ముందుగదిలోంచి — టక్.

లేచి వెళ్లింది. తాళం మీద ఎర్రలైటు వెలుగుతోంది. చూస్తూండగానే ఆకుపచ్చగా మారింది... టక్. తాళం తెరుచుకుంది. ఇక ఎవరు తోసినా తలుపు తెరుచుకుంటుంది. తలుపుకున్న కంతలోంచి బయటికి చూసింది... ఎవరూ లేరు. మళ్లీ టక్. మళ్లీ... పదిసార్లు లెక్కపెట్టిందట, పిల్లని గుండెలకి హత్తుకుని. ఆ తర్వాత అరగంట దాకా తాళం బిగుసుకుపోయింది. ఏం నొక్కినా రాలేదు.

"ఒరేయ్, తాళం మీ కంపెనీదేరా," అంది ఫోన్లో, గుసగుసగా.

"అందుకే చెబుతున్నా, తాళంలో తప్పుండదు. ఇంటర్నెట్‌తో నడిచే సరుకు. తాళంచెవే అక్కర్లేదు. నమూనా తాళం మీద పరీక్ష చేయందే ఒక్కటి కూడా మా గేటు దాటదు. చేసేదెవరనుకున్నావ్? నీ తమ్ముడే!"

"మరి... ఆదివారం మాత్రం రాదంటాడు వాచ్‌మన్, ఎందుకురా?"

"దెయ్యానికి మాత్రం వారానికో సెలవు వద్దా?" అని పగలబడి నవ్వాను.

అక్క నవ్వలేదు. ఆ రోజు నుంచి రోజూ భోజనాల బల్ల ఈడ్చుకొచ్చి తలుపుకి అడ్డం పెట్టి పడుకోవడం మొదలుపెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. డిగ్రీ చదివిన మనిషి, బల్లతో దెయ్యాన్ని ఆపుతుందట!

దీని సంగతేదో తేల్చుదామని ఒక రోజు సెలవు పెట్టి వెళ్లాను. తలుపు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పదకొండూ పది... పదకొండూ పావు... పన్నెండు. చీమ చిటుక్కుమనలేదు.

"ఏదక్కా నీ చుట్టం?"

"నువ్వుంటే రాదు కాబోలు," అంది అక్క, తల దించుకుని.

"భయమనుకుంటా, నన్ను చూస్తే!"

ఎంత పొగరో నాకు.

మర్నాడు రాత్రి మామూలుగా డ్యూటీకెళ్లాను. నా పనేమిటో చెబుతాను, వినండి. హాలుకి ఆ చివర ఒక స్టాండు. దానికో తలుపు ముక్క, ఆ ముక్కకో నమూనా తాళం. ఈ చివర నా కుర్చీ, కంప్యూటరు. రాత్రి పదకొండూ పదికి 'మూయి' అని నొక్కుతాను. 'మూసుకుంది' అంటుంది స్క్రీను. 'తెరువు' అంటాను. 'తెరుచుకుంది' అంటుంది. అలా పదిసార్లు. చివర దొంగ పరీక్ష — అరగంటసేపు ఏ నంబరు నొక్కినా తాళం రాకూడదు. లేచి స్టాండు దాకా వెళ్లి, నంబర్లు నొక్కి చూడాలి. అదీ రూలు.

ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా లేవలేదు. స్క్రీను పాస్ అంటోందిగా, లేవడమెందుకు? మా సూపర్‌వైజరుకీ కాగితం మీద పాస్ అని ఉంటే చాలు, ముఖం చాటంతవుతుంది.

ఆ రాత్రి పదిసార్లూ అయ్యాయి. దొంగ పరీక్ష పెట్టి, టీ కలుపుకుంటున్నాను. ఫోన్ మోగింది.

"ఒరేయ్..." అక్క గొంతు. "బయట ఉండిపోయానురా. పిల్లకి జ్వరం... మందుకోసం కింద నర్సమ్మ ఇంటికెళ్లా, రెండు నిమిషాలే... వచ్చేసరికి తాళం పడిపోయింది. పిల్ల లోపలుంది. పొయ్యి మీద పాలు..."

వెనకాల పిల్ల ఏడుపు, తలుపు అవతలి నుంచి. దగ్గు కూడా.

"నంబరు నొక్కవే!"

"నొక్కాను... రావట్లేదు. మాడు వాసనొస్తోందిరా..."

"మళ్లీ నొక్కు!"

అప్పుడు నా స్క్రీను మీద ఒక లైను కదిలింది.

'ఎవరో నంబరు నొక్కారు. తాళం రాలేదు. పాస్.'

తలెత్తి స్టాండు వైపు చూశాను. ఎవరూ లేరు. హాల్లో నేనొక్కణ్ణే.

"మళ్లీ నొక్కానురా..."

'ఎవరో నంబరు నొక్కారు. తాళం రాలేదు. పాస్.'

అబద్ధమెందుకు... నాకు చెమటలు పట్టేశాయి. అయినా లేచాను. ఎనిమిది నెలల్లో మొదటిసారి స్టాండు దాకా నడిచాను. తాళం మీద చెయ్యి వేశాను.

ఊడి చేతిలోకొచ్చేసింది. లోపలేమీ లేదు. ఉత్త డొల్ల.

అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడో స్టోరు మనిషి వచ్చి, "ఒక తాళం తక్కువైంది, నీ స్టాండు మీది పంపేస్తున్నా. బోసిగా ఉండకుండా డొల్ల బిగిస్తాలే, వేరేది వచ్చాక మారుద్దాం" అన్నాడు. నేను స్క్రీను మీంచి తల తిప్పకుండానే "ఊఁ" అన్నాను.

అసలు తాళం ఒకరి ఇంటి తలుపెక్కింది. నేనిక్కడ కూర్చుని, రోజూ రాత్రి దాన్నే మూస్తూ... తెరుస్తూ...

పరిగెత్తుకొచ్చి పరీక్ష ఆపేసి 'తెరువు' నొక్కాను.

ఫోన్లో — టక్.

తలుపు భళ్లున తెరుచుకుంది. అక్క పరుగు, గిన్నె కింద పడ్డ మోత, కిటికీ రెక్కలు, దగ్గు... ఆ తర్వాత పిల్ల ఏడుపు దగ్గరగా, గట్టిగా. బతికుంది. కుర్చీలో కూలబడ్డాను.

"దొరికిందిరా నా తల్లి..." అక్క వెక్కుతోంది. "ఉన్నావా? ఎవర్రా తీసింది? ఇన్నాళ్లూ ఎవర్రా అది?"

స్క్రీను మీద పూర్తయిన లైన్లన్నీ పాస్ అనే అంటున్నాయి. ప్రతి లైను చివరా పరీక్షించినవారి పేరు.

"నేనేనక్కా," అన్నాను. "ఇన్నాళ్లూ నేనే... నొక్కింది."

ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాను.

పెట్టలేదు. భోజనాల బల్ల ఈడుస్తున్న చప్పుడు... మెల్లగా తలుపు దాకా వచ్చి, ఆగింది.