తాత చెప్పిన సున్నం కొలత

కనకదుర్గ పొయ్యి మీంచి చోడి అంబలి గిన్నె దించి, దువ్వెన పట్టుకుని అరుగు మీద కూర్చుంది. ముందు కూతురు ప్రవల్లిక. ఏడో తరగతి. జడ వేయించుకునేటప్పుడు తల కదపకుండా కూర్చోవడం ఆ పిల్లకు ఈ జన్మకు వచ్చేటట్టు లేదు.

"ఏటే అలగ ఎతుకుతన్నావు? పాయ జారిపోతంది."

"నా నీలం అట్ట పుస్తకమమ్మా. రేతిరి ఇక్కడే ఎట్టేను."

"అదా. మీ నాన్న పట్టికెళ్లేడు. ఏటి రాస్తందో సూస్తానని గానుగ కాడికి ఎళ్లేడు."

ప్రవల్లిక మొహం విప్పారింది. ఏడేళ్ల చదువులో నాన్న ఆమె పుస్తకం పట్టుకున్నది లేదు. మార్కుల కాగితం మీద సంతకం చేయడం, 'బాగా సదువు' అనడం, అంతే. సగం జడతోనే లేచి పరుగెత్తింది. తల్లి వెనకనుంచి కేకేస్తూనే ఉంది.

ఆ పుస్తకం కథ వేరు. చోడవరం హైస్కూల్లో సైన్సు చెప్పే షర్మిల టీచరు దసరా సెలవుల ముందు పిల్లలందరికీ ఒక పని ఇచ్చింది. ఇంట్లో ఒక వస్తువును ఎంచుకోవాలి. దాన్లో లెక్కలెక్కడున్నాయో, సైన్సెక్కడుందో, సోషలు, తెలుగు, ఇంగ్లీషు ఎక్కడున్నాయో వెతికి రాయాలి. కొందరు ఫ్యాను రాశారు, ఒకడు గేదెను రాశాడు. ప్రవల్లిక బెల్లం రాసింది. బుచ్చయ్యపేట వెళ్లే రోడ్డు పక్కన వాళ్లకు రెండెకరాల చెరుకు, ఒక బెల్లం గానుగ ఉన్నాయి. ఆ సెలవులన్నీ తాత తవిటయ్య మంచం పక్కన కూర్చుని, ఆయన చెప్పిందంతా రాసుకుంది. కార్తీక మాసంలో ఆయన పోయాడు. తరువాత గానుగ ఆడటం మొదలయ్యాక తండ్రి పనంతా గమనించి మిగతాది నింపింది. ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిన సైన్సు పండుగలో దాన్ని బల్ల మీద పెట్టి అందరికీ చెప్పాలి. ఇంకా నాలుగు రోజులుంది.

గానుగ దగ్గర ప్రవల్లిక తండ్రి బంగార్రాజు పెద్ద పెనంలో మొదటి వాయి రసం పోసి, అది కాగేలోపు పుస్తకం తెరిచాడు. ఆరో తరగతిలో లెక్కలు రాక బడి మానేసినవాడు. అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుతాడు. మొదటి పేజీ నుంచి చదివే ఓపిక లేక మధ్యలో తెరిచాడు. అదే అతను చేసిన తప్పు.

'మా నాన్న రసంలో తెల్లటి పొడి వేస్తాడు. దానివల్ల బెల్లం పసుపుగా వస్తుంది. తాత అది వద్దు అన్నాడు. తాత సున్నం, బెండ జిగురు మాత్రమే వేసేవాడు.'

బంగార్రాజు గబుక్కున పుస్తకం మూసేశాడు. పసుపు రంగు లేకపోతే అనకాపల్లి మార్కెట్ యార్డులో ఎవరూ బెల్లం దిమ్మవైపు చూడరు. ఒంటికి మంచిది కాని రసాయనమని తెలిసినా అందుకే అందరూ ఆ పొడి వేస్తారు, అతనూ వేస్తున్నాడు. కానీ ఎవరూ పైకి చెప్పుకోరు. ఇది పండుగలో బల్ల మీద పెడితే ఊళ్లో వాళ్లంతా చదువుతారు. కన్నకూతురు రాసింది కనుక అబద్ధం అనడానికీ ఉండదు. బంగార్రాజుకు భయం వేస్తే అది కోపంలాగే బయటకు వస్తుంది. చేతిలో ఉన్న పుస్తకాన్ని, మంటలోకి తోస్తున్న చెరుకు పిప్పితో కలిపి పొయ్యిలోకి తోసేశాడు.

ప్రవల్లిక రొప్పుతూ వచ్చేసరికి నీలం అట్ట ముడుచుకుపోతోంది.

ఆ పిల్ల ఏడవలేదు. పొయ్యి నోటివైపు కొంచెంసేపు చూసింది.

"నాన్నా, ఏ పేజీ సదివేవు?"

"సదవాల్సింది సదివేను. ఇంటి సంగతులు ఇస్కూల్లో రాయమని ఎవులు సెప్పేరు నీకు? లెక్కలు సెయ్యి, ఇంగ్లీషు సదువు. ఈ బెల్లం గోల నీకెందుకు?"

"ఒక్క పేజీయేనా?"

బంగార్రాజు తెడ్డు అందుకున్నాడు. ప్రవల్లిక ఇంటికి వెళ్లి, మిగతా జడ వేయించుకుని, బడికి వెళ్లిపోయింది.

రెండు రోజులు ఇంట్లో ఆ పిల్ల గొంతు వినిపించలేదు. అడిగినదానికి 'ఊఁ' అంటుంది, అంతే. మూడో రోజు సాయంత్రం కనకదుర్గ, జరిగిందంతా భర్తను అడిగి తెలుసుకుని, అతని ముందు అన్నం కంచం పెట్టి, తను ఎదురుగా కూర్చుంది.

"మన ఆడగుంట ఏటి పాపం సేసింది? నిజమే రాసింది కదా. అబద్ధం రాస్తే కాల్చు."

"నీకు తెలీదు. నలుగురూ నవ్వుతారు. రేపు మన దిమ్మ ఎవుడు కొంటాడు?"

"నవ్వుతారని భయమేస్తే ఆ పొడి మానెయ్యాల. పుస్తకం కాల్చడమేటి? మీ అయ్య మంచాన పడకపోతే నిన్ను గానుగ గుమ్మం తొక్కనిచ్చేవోడా?"

బంగార్రాజు కంచం పక్కకు నెట్టాడు. ఏదో అనబోయాడు. అప్పుడే వాకిట్లో స్కూటీ ఆగింది. షర్మిల టీచరు లోపలికి వచ్చి, ప్రవల్లిక ఎక్కడుందని అడిగింది. పెరట్లో పూలు కోస్తోందని కనకదుర్గ చెప్పి, కుర్చీ తుడిచి వేసింది.

"పుస్తకం పోయిందని చెప్పింది బంగార్రాజు గారూ. ఎలా పోయిందో చెప్పలేదు. ఎంత అడిగినా 'పోయింది టీచర్' అంటుంది. ఒకసారి వెతికి చూస్తారేమోనని వచ్చాను."

కూతురు తండ్రి పేరు బయటపెట్టలేదు. బంగార్రాజు కంచం దగ్గర్నుంచి లేచాడు.

"పోనేదండి," అన్నాడు నేలచూపులు చూస్తూ. "నేనే పొయ్యిలో ఏసేసేను."

షర్మిల కుర్చీలో కూర్చుంది. తరువాత ఫోను తీసి, ఏదో వెతికి, అతని చేతిలో పెట్టింది.

"పోయిన వారం ఒక పేజీ నచ్చి ఫొటో తీసుకున్నాను. మా టీచర్ల గ్రూపులో పెట్టడానికి. చదవండి."

బంగార్రాజు ఫోనును దీపం కిందకు జరుపుకుని, వేలు పెట్టి కూడబలుక్కున్నాడు.

'మా నాన్న పాకం చుక్క నీళ్లలో వేసి, వేళ్లతో నలిపి పదును చూస్తాడు. నేను టీచర్ ఇచ్చిన థర్మామీటరు తెచ్చాను. నాన్న దించమన్నప్పుడు నూట పద్దెనిమిది డిగ్రీలుంది. మర్నాడు చూశాను, మళ్లీ నూట పద్దెనిమిదే. ఐదు రోజులు చూశాను. ఒక్కసారి మాత్రం నూట పదిహేడు. మా నాన్న వేళ్లలో థర్మామీటరు ఉంది. ఇది ఆయనకు తెలియదు.'

చివరి మాట దగ్గర అతని వేలు ఆగిపోయింది. ఆ రోజుల్లో పిల్ల పెనం చుట్టూ తిరుగుతుంటే 'కాల్తాది, అవతలికి పో' అని కసురుకున్నది అతనే.

"మిగతా పేజీలు కూడా ఉన్నాయాండి, దీన్లో?" అని అడిగాడు. 

"లేవండి. మొత్తం పండుగ రోజు చూద్దాం కదా అనుకున్నాను. నాదీ తప్పే." షర్మిల ఫోను వెనక్కి తీసుకుంది. "వంద లీటర్ల రసానికి ఎన్ని కిలోల బెల్లమో లెక్క వేసింది. మీ చెరుకు మడులకు మ్యాపు గీసింది. ఏ మడి రసానికి ఎంత సున్నం వేయాలో తాత చెప్పిన కొలత అందులో రాసింది. పల్లం మడికి ఒక కొలత, గట్టు మడికి ఇంకో కొలత. ఆయన మాటలు ఆయన అన్నట్టే రాసింది. దానికే ఆరు పేజీలు."

ఆరు పేజీలు. బంగార్రాజు తండ్రితో కలిసి ఇరవై ఏళ్లు గానుగ ఆడాడు. ఏ మడికి ఎంత సున్నం అని ఒక్కనాడూ అడగలేదు. ముసలాయన వేసేవాడు, ఇతను కలిపేవాడు. కొన్నేళ్ల కిందట ఆయన మంచాన పడ్డాక పొడి వచ్చింది, అడగాల్సిన అవసరం తీరిపోయింది. అడిగింది ఈ పన్నెండేళ్ల పిల్ల ఒక్కతే. ఆ రాత్రి అతను అన్నం ముట్టలేదు.

తెల్లవారుతూనే పెనం తోమి, రసం పోసి, పొడి పొట్లం తీసుకెళ్లి పెంటకుప్పలో పారబోశాడు. ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చున్న కూతురి పక్కన కూర్చున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఒకపాలి గానుగ కాడికి వత్తావేటమ్మా? ఈ పెనం తాత వండినట్టు వండుదాం. రేపు నీ బల్ల మీద ఆ దిమ్మే ఎడదాం."

ప్రవల్లిక అతని మొహంలోకి చూసి లేచింది. తల్లి దువ్వెన పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

రసం వేడెక్కుతోంది. బంగార్రాజు సున్నపు తేట ముంత తెచ్చాడు. బెండ కాడలు నలిపి నీళ్లలో వేశాడు.

"ఇది పల్లం మడి రసం. తాత సున్నం ఎంత ఎయ్యమన్నాడే?"

ప్రవల్లిక కళ్లు మూసుకుంది. పెదవులు కదిలించింది. మళ్లీ కళ్లు తెరిచింది.

"రాసుకున్నాను కదా అని గుర్తెట్టుకోనేదు నాన్నా."

మూడు రోజులుగా ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది. బంగార్రాజు ముంత కింద పెట్టి, ఆమె తలను తన పొట్టకు ఆనించుకున్నాడు. అతనికి కూడా ఏడుపు ఆగలేదు. కార్తీకంలో తండ్రి పోయినప్పుడు చుట్టాల మధ్య హడావుడిగా తిరిగాడే గానీ ఇలా ఏడవలేదు. ఆ రోజు పోయింది మనిషొక్కడేననుకున్నాడు, ఆయన చేతి కొలత కూడా పోయిందని ఇప్పుడు తెలిసింది.

రసం పొంగుకు వచ్చింది. ప్రవల్లిక కళ్లు తుడుచుకుని, బడి సంచిలోంచి నీలం లిట్మస్ కాగితాలు తీసింది. ఆమ్లం ఉంటే ఎర్రగా మారుతుందని, సున్నం వేస్తే ఆ గుణం తగ్గుతుందని పాఠంలో చెప్పారట. బంగార్రాజు ఒక గరిటె సున్నపు తేట వేయడం, ఆమె కాగితం ముంచి చూడడం. మూడో గరిటెకు కాగితం ఎర్రబడడం తగ్గింది, చాలంది. తాత కొలత అదేనా కాదా అని ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

దిమ్మ ముదురు గోధుమరంగులో వచ్చింది. బంగార్రాజు చిన్న ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు చప్పరించాడు. తండ్రి వండిన బెల్లం రుచికి దగ్గరగానే ఉంది కానీ అది కాదు.

"కొత్త పుస్తకం తెచ్చేవా?"

"తెచ్చేను నాన్నా." మొదటి పేజీ తెరిచి, పేరు, తరగతి రాసింది. "ఎక్కడ మొదలెట్టమంటావు?"

"నాను సెప్తాను, నీ మాటగా రాయి. మా నాన్న ఇన్నేళ్లూ బెల్లంలో పొడి ఏసేడు. రాసేవా? ఆ మాట రాసేనని నా మొదటి పుస్తకం పొయ్యిలో ఏసేడు. తాత సెప్పిన సున్నం కొలత దాన్లోనే కాలిపోయింది."

ప్రవల్లిక కలం ఆపింది. "ఇది అందరూ సదువుతారు నాన్నా."

"సదవనీ," అన్నాడు బంగార్రాజు. "రాయమ్మా."