శిరోమణి ఆంటీ తెల్ల చీర

"ఆల్విన్, మీ అమ్మగారి డ్యూటీ చీరకి జరీ ఎందుకుంది?"

దీనా గొంతు అదోలా ఉంది. ఆల్విన్ తలెత్తకుండా వాళ్ళ నాన్న పాత నీలం లుంగీ ముక్కలని ఇస్త్రీ చేస్తున్నాడు.

"డ్యూటీ చీరకి జరీ ఏంటి? సరిగ్గా చూడు."

"సరిగ్గానే చూస్తున్నా. వెండి జరీ. ద్రాక్ష గుత్తులు కూడా ఉన్నాయి."

ఇస్త్రీ పెట్టె ఆగింది. లుంగీ ముక్క మాడింది.

హామిల్టన్ ఊళ్ళో రోటోటూనా అనే పేటలోని ఆ చర్చి హాల్లో శనివారం శనివారం ఇదే పని. తెలుగు కుటుంబాలన్నీ కలిసి, చివరి రోజుల్లో ఉన్న రోగుల్ని చూసుకునే హాస్పిస్‌కి ఒక క్విల్ట్, అంటే గుడ్డముక్కల బొంత, కుట్టి ఇవ్వాలనుకున్నాయి. ఇంటికో నక్షత్రం. కొత్త గుడ్డ పనికిరాదు, ఇంట్లో వాడి వదిలేసిన బట్టే తేవాలి. నక్షత్రం కొమ్ములు రంగు గుడ్డతో, చుట్టూ ఆకాశం తెల్ల గుడ్డతో. ఫార్మసీలో పనిచేసే దీనాకి ఈ విద్య బాగా వచ్చు కాబట్టి అందరికీ తనే టీచర్. ముసలివాళ్ళ రెస్ట్ హోమ్‌లో నర్సుగా చేసే ఆల్విన్‌కి ఏమీ రాదు కాబట్టి ఒక్క వారం కూడా మానడు. కుట్టిన ప్రతిసారీ కొమ్ముల మొనలు కుట్టులోకి పోయి మొండిగా తేలతాయి. దీనా తిట్టుకుంటూ విప్పి మళ్ళీ కుడుతుంది. ఇద్దరికీ ఆ విప్పడం, కుట్టడమే బాగుంది. ఆ సంగతి హాలంతటికీ తెలుసు, వాళ్ళిద్దరూ తప్ప.

సరే, చీర సంగతి. ఆల్విన్ వాళ్ళమ్మ శిరోమణి ఈ దేశానికి, ఈ హామిల్టన్ ఊరికి రాకముందు గుంటూరులో నర్సు. ఆ ఆసుపత్రిలో నర్సులకి తెల్ల చీరే యూనిఫాం. "అల్మరా కింద అరలో నా పాత డ్యూటీ చీర ఉంది, పట్టుకెళ్ళరా" అంది. కింద అరలో తెల్ల చీరలు రెండున్నాయి. ఒకటి డ్యూటీది. రెండోది ఆవిడ చర్చిలో పెళ్ళికి కట్టుకున్న పట్టుది. మనవాడు మగమహారాజు కదా! తెలుపంటే తెలుపే అనుకున్నాడు.

దీనా మాత్రం తక్కువ తిందా? "ఇంత జారిపోతోందేంటి?" అని అడిగింది పాపం. "ఏళ్ళ తరబడి ఉతికారు, అరిగిపోయింది" అన్నాడు వీడు. మూడేళ్ళప్పుడు ఈ దేశం వచ్చిన పిల్ల, చీర కట్టిన నర్సుని ఎక్కడ చూసింది గనక? నమ్మేసింది. అంచు లోపలికి మడిచి ఉన్న చీరని అలాగే బల్ల మీద పరిచి, పిజ్జా కోసేదానిలా ఉండే ఆ గుండ్రటి కట్టర్‌తో నడిమధ్యన చదరంగా కోసేసింది. ఇప్పుడు విప్పి చూస్తే చీర పొడవునా కిటికీలు.

"ఎన్ని మడతలు?" అన్నాడు ఆల్విన్.

"నాలుగు."

"అన్నీ తెగాయా?"

"కొత్త బ్లేడ్ ఆల్విన్!"

పక్క కుట్టుమెషీన్ దగ్గర నుంచి భాగ్యమ్మ ఆంటీ లేచి వచ్చి చూసి, గుండె మీద చెయ్యేసుకుంది. "ఓరి దేవుడో! ఇది శిరోమణి పెళ్ళి చీర! ఆ పెళ్ళిలో నేను బిర్యానీ తిన్నాను. కోడలికని దాచుకుందర్రా దీన్ని!"

దీనా కుర్చీలో కూలబడింది.

"అమ్మ ఇంకాసేపట్లో వచ్చేస్తుంది" అన్నాడు ఆల్విన్.

"ఇక్కడికా? ఎందుకు?"

"నిన్ను చూడ్డానికి."

"నన్నేం చూస్తారు? నేనేమన్నా ఎగ్జిబిషనా?"

ఆల్విన్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఆల్విన్, మీ అమ్మగారికి ఏం చెప్పావు?"

"పెళ్ళంటూ చేసుకుంటే నిన్నే చేసుకుంటానని."

"మరి నాకు చెప్పావా?"

"నీకు చెప్పాలంటే భయం వేసింది. అమ్మకి చెప్పడం ఈజీ."

కొట్టాలనిపించింది దీనాకి. అంతకంటే ఎక్కువగా ఏడవాలనిపించింది. ఇన్ని వారాలుగా ఈ మొద్దబ్బాయి ఎప్పుడు నోరు తెరుస్తాడా అని చూసింది. తెరిచాడు, సరిగ్గా వాళ్ళమ్మ పెళ్ళి చీరని తను ముక్కలు చేసిన రోజున! ఇక ఆవిడ తనని గడప తొక్కనిస్తుందా?

"నేనే కోశానని చెప్తా. నువ్వు మాట్లాడకు" అన్నాడు ఆల్విన్.

"నువ్వు ఒక్క గీత స్ట్రెయిట్‌గా కొయ్యలేవని మీ అమ్మకి తెలీదా?"

బయట వానలో కారు ఆగింది. డ్యూటీ దిగి అలాగే వచ్చేసినట్టుంది, నర్సు స్క్రబ్స్ మీద రెయిన్ జాకెట్ వేసుకుని శిరోమణి లోపలికొచ్చింది. మొహం నిండా నవ్వు.

"దీనా అంటే నువ్వేనా అమ్మా?"

"నేనే ఆంటీ. మీ పెళ్ళి చీర కోసేశాను."

ఆల్విన్ కళ్ళు మూసుకున్నాడు. శిరోమణి నవ్వు అలాగే ఆగిపోయింది. బల్ల దగ్గరికొచ్చి చీరెత్తింది. చీరలోని కిటికీలోంచి అవతలున్న కొడుకు మొహం కనిపించింది.

"ఒరేయ్, పట్టుకీ నూలుకీ తేడా తెలీదురా నీకు?" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"అన్నీ తెల్లగానే ఉన్నాయి కదమ్మా..."

"మా నాన్న దీన్ని వానకి తడవకుండా చొక్కాలో పెట్టుకుని, సైకిల్ మీద తెచ్చాడు." ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా కోడలు ఇది కట్టుకుని చర్చిలో నడవాలని దాచాను. ఇప్పుడు దీన్నెవరు కట్టుకుంటారు?"

దీనా కంగారుగా లేచింది. ఎలాగైనా ఆవిడ ఏడుపు ఆపాలి, అంతే.

"ఆంటీ, ఏడవకండి ప్లీజ్. నాకెలాగూ చీర కట్టడం రాదు. గౌన్ కుట్టుకుంటాను. బోర్డర్ అసలు పాడవలేదు ఆంటీ, దాన్ని కింద అంచుగా వేసుకుంటే..."

హాల్లో మెషీన్లన్నీ ఆగిపోయాయి. రేకుల మీద వాన చప్పుడొక్కటే వినిపిస్తోంది. తను ఏమందో దీనాకి అప్పుడు అర్థమై రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఏమంది?" అంది శిరోమణి.

"గౌన్ కుట్టుకుంటానంది. నేను విన్నాను" అంది భాగ్యమ్మ ఆంటీ.

శిరోమణి కొడుకు వైపు తిరిగింది. "ఈ అమ్మాయిని అడిగావా నువ్వు?"

"లేదమ్మా. ముందు నీకు..."

"సిగ్గులేదురా! అడుగు."

"ఇప్పుడా? అందరి ముందా?"

"నా చీరే పోయింది, నీ సిగ్గు పోతే ఏం? అడుగు!"

ఆల్విన్ బల్ల చుట్టూ తిరిగి దీనా ముందుకొచ్చాడు. చేతిలో ఇంకా మాడిన లుంగీ ముక్క ఉంది.

"దీనా, నువ్వంటే నాకు చాలా ఇష్టం. నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"చేసుకుంటాను" అంది దీనా, నవ్వుతూ, ఏడుస్తూ. "ఇక నుంచి బట్టలు మాత్రం నేనే తెచ్చుకుంటా."

భాగ్యమ్మ ఆంటీ చప్పట్లు కొట్టింది. శిరోమణి మాత్రం కోసిన చదరాల్ని ఒక్కొక్కటే వేళ్ళతో సవరించి దీనా చేతిలో పెట్టింది.

"ఇవి ఆ నక్షత్రంలోనే కుట్టమ్మా. హాస్పిస్‌లో చలికి వణికేవాళ్ళని నేను చూశాను. వాళ్ళ మీద పట్టు ఉంటే తప్పేం లేదు."

మిగిలిన చీరని దీనా భుజాల మీద కప్పి, రెండడుగులు వెనక్కి వేసి, కళ్ళు తుడుచుకుని తేరిపార చూసింది.

"గౌనుకి చేతులు మాత్రం మోచేతుల దాకా పెట్టుకో. చర్చి కదా."