సీటు కింద పసుపు వైరు

ఆ వర్క్‌షాపులో అతన్ని అందరూ ‘పది నిమిషాలు’ అనేవారు. ఎయిర్ బ్యాగుల పని తప్ప మరొకటి ముట్టుకోడు. ఏ కారు వచ్చినా ముందు బ్యాటరీ నెగటివ్ వైరు విప్పుతాడు, గడియారం చూసుకుంటాడు, స్టూలు మీద కూర్చుంటాడు. వైరు విప్పినా ఎయిర్ బ్యాగుని నడిపే లోపలి పెట్టెలో కాస్త కరెంటు దాక్కుని ఉంటుందట. అది పోయేదాకా పది నిమిషాలు ఎవరూ ఏదీ ముట్టుకోకూడదు, మిన్ను విరిగి మీద పడ్డా సరే.

అలవాటు ముదిరి మనిషికే పట్టుకుంది. వాళ్లక్క ఫోన్ చేసి, ‘ఒక మంచి సంబంధం ఉంది, చూస్తావా’ అని అడిగితే పది నిమిషాలు ఆలోచించి తిరిగి ఫోన్ చేశాడు. ఆలోగా ఆవిడ విసుగెత్తి ఆ సంబంధం పక్కింటివాళ్లకి చెప్పేసింది.

అలాంటివాడు జన్మలో మొదటిసారి ఆగకుండా అరిచింది కారు బాగుచేయించడానికి వచ్చిన ఒక లెక్కల టీచరు మీద. ఆమె వానలో తడిసి లోపలికి వచ్చి, బల్ల మీద మెత్తగా కనిపించినదాని మీద టిఫిన్ బాక్సు పెట్టింది.

“తీయండి. ముందు తీయండి.”

“ఏమైంది?”

“అది దిండు కాదండీ, స్టీరింగులోంచి తీసిన ఎయిర్ బ్యాగు. దాని మీద ఏదీ పెట్టకూడదు. ఖర్మ కాలి పేలిందంటే మీ భోజనం పైకప్పుకి అంటుకుంటుంది.”

“ఇవాళ కూర ఎలాగూ కుదరలేదు, పోనివ్వండి,” అంది ఆమె, బాక్సు తీస్తూ.

అతను నవ్వాడు, పది నిమిషాల తర్వాత.

ఆమె తెచ్చిన కారు వాళ్ల నానమ్మది. టీచరుని పెంచింది ఆవిడే. మనవరాలికి ఏ సంబంధం వచ్చినా నానమ్మ స్టీరింగు ముందు కూర్చుని, అబ్బాయిని పక్క సీట్లో, టీచరుని వెనక సీట్లో కూర్చోబెట్టి ఊరంతా ఒక చుట్టు తిప్పుతుంది. మొదటి అబ్బాయిని తిప్పినప్పుడు ఎదురుగా ఎయిర్ బ్యాగు లైటు ఎర్రగా వెలిగింది. “బండికే గిట్టలేదు, మనకెందుకు” అని నానమ్మ అతన్ని దారిలోనే దింపేసింది.

‘పది నిమిషాలు’ ఆ పక్క సీటు కింద దూరి చూస్తే ఎయిర్ బ్యాగుకి వెళ్లే పసుపు వైరు ఊడి ఉంది. “ఆ అబ్బాయి బాగా పొడుగా?” అని అడిగాడు.

“ఎందుకు?”

“కాళ్లు పట్టక సీటు వెనక్కి తోసుంటాడు. వైరు లాగేసుకుంది.”

టీచరు ఒక్క క్షణం ఆగి, “తాటిచెట్టంత” అంది.

వైరు పెట్టాడు. నెల తిరక్కుండా రెండో అబ్బాయికి కూడా లైటు వెలిగింది. మూడోవాడికీ, నాలుగోవాడికీ అంతే. ప్రతిసారీ ఆమె కారు తెచ్చేది, అతను బ్యాటరీ విప్పేవాడు, ఇద్దరూ స్టూళ్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు. తన పని అలా ఊడిపోతుంటే అతనికి తలకొట్టేసినట్టుండేది. అంతకన్నా పెద్ద బెంగ ఇంకొకటి. ఈమెకి అందరూ పొడుగువాళ్లే ఎందుకొస్తున్నారు? ఎవరూ లేనప్పుడు గోడకి ఆనుకుని, నెత్తి మీద స్కేలు పెట్టి, తన ఎత్తు కొలుచుకునేవాడు. ఎన్నిసార్లు కొలిచినా అంతే ఉండేది.

ఏడోసారి నానమ్మ కూడా వచ్చింది. “రేపొచ్చే సంబంధం బంగారంలాంటిది. ఈ లైటు సంగతి ఇవాళే తేలాలి, అబ్బాయ్” అని చెప్పి, ముందు గదిలో కుర్చీలో కళ్లు మూసుకుంది.

ఈసారి సీటు కింద వైరుతోపాటు తలపిన్ను ఒకటి దొరికింది. అతను దాన్ని పట్టుకుని బయటికి వచ్చాడు.

“ఇదేమిటండీ?”

“ఎలుకేమో.”

“తలపిన్ను పెట్టుకునే ఎలుకా?”

ఆమె తల దించుకుంది. “నేనే. వెనక సీట్లోంచి చెయ్యి పెట్టి పీకేస్తాను. ఎవరూ పొడుగు కాదు. ఎవరూ నచ్చలేదు, అంతే.”

“నోటితో చెప్పొచ్చుగా?”

“మా ఇంట్లో నా నోటికన్నా ఆ లైటుకి విలువెక్కువ.”

అతనికి కోపం తన్నుకొచ్చింది. “కరెంటు ఉండగా ఆ వైరు కదిపితే బ్యాగు పేలొచ్చు. వైరు ఊడి ఉంటే ప్రమాదంలో బ్యాగు తెరుచుకోదు. మీరు బండి నడిపేటప్పుడు ఆ సీట్లో కూర్చునేది ఎవరు?”

“నానమ్మ,” అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “నాకు తెలియదండీ. తెలిస్తే చచ్చినా ముట్టుకునేదాన్ని కాదు. గట్టిగా బిగించేయండి. రేపటివాడికి లైటు వెలగదు, నానమ్మ ఖాయం చేసేస్తుంది. చేయనివ్వండి.” పిన్ను తీసుకుంటూ మళ్లీ అంది, “లెక్కలు చెప్పేదాన్ని కదా, ఒకటి అడుగుతాను. మొదటిసారి పది నిమిషాలు ఆగాం. పోయినసారి ముప్పై ఎనిమిది. పెట్టెలో కరెంటు ఎక్కువైందా?”

“పదే చాలు,” అన్నాడు అతను. “మిగతాది నా సొంతం.”

అతను మళ్లీ సీటు కింద దూరాడు. తన చేత్తో ఆ వైరు బిగిస్తే రేపు ఆమె మరొకరి మనిషైపోతుంది. బిగించకపోతే, తను ఇన్నేళ్లు చేసిన పనికి అర్థం లేదు. అతను పసుపు వైరు టక్కుమనేదాకా నొక్కాడు, లాకు వేశాడు, పైన క్లిప్పు కూడా బిగించాడు. బ్యాటరీ తగిలించి, కారులో ఎవరూ లేకుండా చూసి, బయట నిలబడే తాళం తిప్పాడు. లైటు వెలిగి, ఆరు లెక్కపెట్టేసరికి ఆరిపోయింది. అతని ఆశ కూడా దాంతోపాటే ఆరింది.

నానమ్మ లేచి వచ్చింది. “నేను నడుపుతాను. నువ్వు పక్కన కూర్చో అబ్బాయ్. నువ్వు వెనక్కి పదవే.”

వీధి చివరిదాకా వెళ్లి వచ్చారు. లైటు వెలగలేదు. నానమ్మ బండి ఆపి, “ఏడుగురికి వెలిగింది. నీకు వెలగలేదు” అంది.

అబద్ధమాడితే అమ్మాయి దక్కుతుంది. అతను నోరు తెరిచాడు.

“బామ్మగారూ, ఇప్పుడు ఎవరు కూర్చున్నా వెలగదండీ. రేపొచ్చే అతనికీ వెలగదు. బాగుచేశాను.”

వెనక సీట్లో టీచరు చేత్తో నుదురు కొట్టుకుంది.

“నేను లైటు చూశానని ఎవరు చెప్పారు?” అంది నానమ్మ. “అద్దంలో దీని చేతులు చూస్తాను. ఏడుసార్లూ వంగి సీటు కిందికే పోయాయి. ఇవాళ ఒళ్లోంచి కదల్లేదు. పీకిన వైరు మళ్లీ పెట్టించడానికి ప్రతిసారీ ఇంత దూరం ఎందుకొస్తుందో తెలుసుకుందామనే ఇవాళ వచ్చాను. బ్యాగు తెరుచుకోదని మాత్రం ఇందాక కుర్చీలో కళ్లు మూసుకునే విన్నాను. ఆ సంగతి ఇంటికెళ్లాక చెప్తా.” వెనక్కి తిరిగింది. “ఇప్పుడు నోటితో చెప్పవే.”

“ఇతనంటే నాకిష్టం నానమ్మా. ఏ లైటు వెలిగినా సరే, ఇతనే కావాలి.”

“నీ సంగతేమిటి అబ్బాయ్? పది నిమిషాలు ఆగాలా?”

“వద్దండీ,” అన్నాడు అతను వెంటనే. “నాకూ ఆవిడే కావాలి.”

నానమ్మ తాళం మనవరాలి చేతిలో పెట్టి, తను వెళ్లి అతని సీటు వెనక కూర్చుంది. “ఇక నుంచి ఇది నా చోటు. అల్లుడు తేడా చేశాడనుకో, వైరు ఎక్కడుందో నాకూ తెలుసు.”

“బామ్మగారూ,” అన్నాడు అతను కంగారుగా, “ముందు బ్యాటరీ విప్పి, పది నిమిషాలు ఆగి, అప్పుడు పీకండి.”