ఆరో మలుపు దగ్గర పలకకూడదు

మా గండిలో ఆరో మలుపుకి ఉన్నంత చెడ్డపేరు ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ లేదు, మా ఆడపడుచుకి తప్ప. చీకటి పడ్డాక అటు వెళ్తే కింద రాళ్ళలోంచి ఒక ఆడమనిషి పిలుస్తుందట. మెల్లిగా... ఏడుపుగొంతుతో... పలికావా, నీ పని అయిపోయినట్టేనట. పలికినవాడెవడూ తిరిగి రాలేదట. ఆ తిరిగి రానివాడు ఎవడు, ఏ ఊరివాడు అని మాత్రం అడక్కూడదు. అడిగితే మా మరిదికి కోపం వస్తుంది.

ఎందుకంటే ఆ దెయ్యాన్ని పుట్టించింది మా మరిదే.

నేను గేటు దగ్గర టికెట్ల కిటికీలో కూర్చుంటాను. మరిది లోపల గైడు. నది కొండని కోసుకుంటూ పోయే చోట నాలుగు కిలోమీటర్ల కాలిబాట, ఒక వేలాడే వంతెన, మూడు వ్యూ పాయింట్లు, నడుముకి తాడు కట్టుకుని అవతలి ఒడ్డుకి జారే ఏర్పాటు ఒకటి. ఇన్ని ఉన్నా జనానికి కావలసింది మాత్రం ఆరో మలుపు దగ్గర రెయిలింగు దాటి, అంచు మీద నిలబడి ఫొటో దిగడం. 'ప్రమాదం' అని బోర్డు పెట్టారు. ఆ బోర్డుని పట్టుకుని దిగారు. ఎర్రరంగుతో పుర్రె బొమ్మ వేయించారు. దాని భుజం మీద చెయ్యేసినట్టు నిలబడి దిగారు.

చావంటే భయం లేని జనానికి దెయ్యమంటే భయం ఉంటుందని కనిపెట్టిన మేధావి మా మరిది. ఒక సాయంత్రం ఎవరి చెవిలోనో ఊదాడు... అక్కడ ఒకావిడ పడిపోయింది, ఇప్పటికీ పిలుస్తుంది, పలక్కండి, వంగి చూడకండి అని. వారం తిరక్కుండా ఆ అంచు ఖాళీ అయింది.

సంగతి ఆఫీసుదాకా వెళ్ళింది. ప్రాణాలు కాపాడినందుకు మెచ్చుకుంటారేమో అనుకున్నాం. వాళ్ళు టికెట్టు పెట్టారు. శని, ఆదివారాలు రాత్రి ఏడింటికి 'దెయ్యం నడక'. కరపత్రంలో మూడు రూల్స్ అచ్చేశారు - పిలిస్తే పలకరాదు, ఆగరాదు, వంగి చూడరాదు. పిలవడానికి ఒక మనిషిని కూడా పెట్టారు. గొంతు సన్నం కాబట్టి అందరం వాణ్ణి పిట్టగొంతు అంటాం. మలుపు కింద బండ చాటున కూర్చుని ఏడవడం వాడి ఉద్యోగం. "ఇంట్లో ఎలాగూ ఊరికే ఏడుస్తున్నాను, ఇక్కడైతే జీతమిస్తారు కదా వదినా" అంటూ చేరాడు.

ఇలా ఆరేళ్ళు గడిచాయి. దెయ్యానికి పేరొచ్చింది, ఆఫీసుకి షీల్డు వచ్చింది. మా మరిది మాత్రం పదకొండేళ్ళ సర్వీసుతో టెంపరరీగానే ఉన్నాడు. ఏడాదికోసారి తీసేస్తారు, మర్నాడు మళ్ళీ పెట్టుకుంటారు. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. ఈసారి పర్మనెంటు కాకపోతే ఇక ఈ జన్మకి కాదు. మా తోడికోడలు ఆ మాట రోజూ పొద్దున్నే గుర్తు చేస్తుంది, మొగుడు ఎక్కడ మర్చిపోతాడోనని.

అలాంటి సమయంలో ఒక శనివారం పై ఆఫీసునుంచి పెద్దసారు వచ్చారు.

"ఉన్నది ఒక్క పోస్టు. ఎవరికివ్వాలో నా కళ్ళతో చూసి రాస్తాను" అన్నారు. సాయంత్రం అయిదింటికి ఒక్కరే లోపలికి బయల్దేరారు. మరిది వెంట పడబోతే చేత్తో ఆపేశారు. "నాకోసం చూడద్దు. ఎక్కడో ఒక చోట ఉండి అంతా గమనిస్తుంటాను. మీరు రోజూ ఎలా చేస్తారో అలాగే చెయ్యండి."

అలాగే చేశారు. కొంప ముంచింది అదే. ఆ రాత్రి లోపల ఏం జరిగిందో తర్వాత మరిదే చెప్పాడు.

ఇరవైమంది దాకా వచ్చారు. అందరి చేతుల్లో టార్చీలు. వంతెన దాటారు... నాలుగో మలుపు... అయిదో మలుపు. పెద్దసారు ఏ చెట్టు చాటునుంచి చూస్తున్నారో అని మరిది ప్రతి పొదకీ వినయంగా నడుం వంచుతూ నడిచాడట. ఆరో మలుపు దగ్గర అందర్నీ గోడవైపు నిలబెట్టి టార్చీలు ఆర్పించాడు.

కింద నది హోరు. దానికింద... ఇంకేదో.

"ఎవరైనా... రండి..."

బొంగురుపోయిన గొంతు. ముక్కలు ముక్కలుగా వస్తోంది.

"కాలు... ఇరుక్కుంది... గైడూ... ఏయ్ గైడూ..."

మా మరిది పొంగిపోయాడు. సారు చూస్తున్నారని పిట్టగొంతు ఇవాళ కొత్త పాట ఎత్తుకున్నాడు, బంగారంలాంటివాడు అనుకున్నాడు. వెంటనే గొంతు తగ్గించి, "విన్నారా... నేనెవరో కూడా దానికి తెలుసు" అన్నాడు.

ఒక ముసలావిడ అతని చొక్కా పట్టుకుని లాగింది. "పాపం బాబూ, ఒక్కసారి చూడరాదూ."

"చూస్తే అంతే అమ్మా" అని పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

కిందనుంచి ఓ తిట్టు వచ్చింది. పచ్చి తిట్టు. టికెట్టు డబ్బులు గిట్టుబాటయ్యాయని జనం చప్పట్లు కొట్టారు. వెనక వరసలో ఎవరో ఈల కూడా వేశారు. ఆ తర్వాత అందరూ రూలు ప్రకారం, వంగి చూడకుండా, క్రమశిక్షణగా వెళ్ళిపోయారు.

ఎనిమిదిన్నరకి మరిది గేటు దగ్గరికొచ్చి, జనాన్ని పంపేసి, నా గదిలోకి తల పెట్టాడు. లోపల దుప్పటి కప్పుకుని వేడినీళ్ళు తాగుతూ పిట్టగొంతు కూర్చుని ఉన్నాడు.

"అదరగొట్టావురా" అని వీపు మీద చరిచాడు.

"నేనా? నేనెక్కడికెళ్ళాను బావా? జ్వరం. సాయంత్రంనుంచీ వదిన దగ్గరే ఉన్నాను. నీకు చెప్పేలోపే జనంతో వెళ్ళిపోయావు."

మరిది నా వైపు చూశాడు. నేను తలూపాను.

"వదినా... పెద్దసారు బయటికొచ్చారా?"

రాలేదు. ఆయన జీపు గేటు పక్కనే ఉంది. మరిది మొహంలో నెత్తురు చుక్క లేదు. తాడు, స్ట్రెచరు, దొరికిన నలుగురు మనుషులు... పరుగో పరుగు. గదిలో నేనూ పిట్టగొంతూ మిగిలాం.

"వదినా, తిట్టనంటే ఒక మాట" అన్నాడు వాడు మెల్లిగా. "నేను రెండు నెలలుగా కిందికి వెళ్ళడం లేదు. చలి. గేటు వెనక షెడ్డులో పడుకుంటున్నాను. మొదటివారం వెళ్ళకపోయినా బావ వచ్చి, బాగా ఏడ్చావురా అన్నాడు. పోనీలే, నేను లేకపోయినా పని జరుగుతోందిగా అని ఊరుకున్నాను."

నేను లేచి కిటికీ మూసేశాను.

పెద్దసారు దొరికారు. రెయిలింగుకి అవతల, రెండు బండల మధ్య సందులో. చీలమండ విరిగింది. రెయిలింగు ఎందుకు దాటారని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. చేతిలో ఫోనుంది, అందులో అంచు మీద దిగిన ఫొటో ఉంది. గండిలో సిగ్నలు మాత్రం లేదు. పైకి లాగుతున్నంతసేపూ ఆయన కిందికే చూస్తూ ఉన్నారట.

పదిరోజుల తర్వాత మరిదికి కబురొచ్చింది. వెళ్ళేసరికి సారు కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నారు.

"పోస్టు ఆవిడకే రాస్తున్నాను" అన్నారు.

"ఎవరికి సార్?"

"మీరంతా చప్పట్లు కొట్టి పోయాక వచ్చి నా పక్కన కూర్చుందే, ఆవిడకి. మీ స్టాఫే కదా. తాడు వేసేదాకా నా చెయ్యి వదల్లేదు. మంచులాంటి చెయ్యి..."

"సార్... మా వదిన తప్ప మా దగ్గర ఆడవాళ్ళెవరూ లేరు. ఆవిడ గేటు దాటి లోపలికి రాదు."

సారు వినిపించుకోలేదు. "పేరడిగితే చెప్పలేదు. ఒకటే మాట అంది. 'పలకకూడదని వీళ్ళకి రూలండీ. నేనూ పిలిచి పిలిచి విసిగిపోయాను' అని. ఆ పేరేదో కనుక్కుని రా, సంతకం పెడతాను."

మరిది ఇంటికొచ్చి వంటింటి గడప మీద కూలబడి ఏడ్చాడు. పదకొండేళ్ళు నడిచిన కాళ్ళు, పోయిన పోస్టు, పెళ్ళాం మొహం... అన్నిటికీ కలిపి ఏడ్చాడు. ఉన్నట్టుండి ఏడుపు ఆపేశాడు.

"వదినా, నేను చెప్పింది అబద్ధం కదా. అక్కడ ఎవరూ పడలేదు కదా."

"అప్పుడు పడలేదు" అన్నాను.

ఆ మాట అన్నాక మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. లోపలికి వెళ్ళేవాళ్ళకి టికెట్టు చింపేది నేను. బయటికొచ్చేవాళ్ళని ఈ ఆరేళ్ళలో ఒక్కనాడు కూడా లెక్కపెట్టలేదు. పెట్టమని ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు.

ఆ రాత్రి నడక లేదు. అయినా మరిది టార్చి తీసుకున్నాడు. ఒక్కణ్ణీ పంపడానికి మనసొప్పక నేనూ వెంట వెళ్ళాను. వంతెన దాటుతుంటే నా చెప్పుల చప్పుడుకి నేనే నాలుగుసార్లు వెనక్కి చూసుకున్నాను.

ఆరో మలుపు. నది హోరు. అంతే.

మరిది రెయిలింగు మీద పొట్ట ఆనించి, కిందికి వంగాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ సవరించుకున్నాడు.

"అమ్మా... ఎవరైనా ఉన్నారా? నేను గైడుని. వింటున్నాను."

టార్చి వెలుగులో బండలు తప్ప ఏమీ కనపడలేదు. పద వెళ్దాం అని నేను అతని మోచెయ్యి పట్టుకోబోయాను.

"హమ్మయ్య... విన్నారా" అంది కిందనుంచి ఒక గొంతు, బాగా అలిసిపోయిన గొంతు. "ముందు పిల్లని అందుకోండి."