చెవిలో మాట

అచ్చంపేట దవాఖానలో డాక్టరమ్మ మూడోసారి తీసిన ఈసీజీ కాగితాన్ని నిరోష ముందు పరిచింది.

"నీ గుండె మంచిగున్నది. జర దడ రాంగనే సచ్చిపోతానని అనుకుంటున్నవ్. గట్ల అనుకుంటే దడ ఇంకా పెరుగుతది. పెరిగిందని మళ్ల నాడి పట్టుకుంటున్నవ్. గా పట్టుకునుడు బంద్ చెయ్యి."

ఆ మాట నిజమేననిపించింది నిరోషకు. కుట్టుమిషను ముందు కూర్చున్నా, పొయ్యి దగ్గరున్నా, ఏడాదిగా కుడిచేతి వేళ్లు ఎడమ మణికట్టు మీదే ఉంటున్నాయి.

ఆ సాయంత్రం వాన దంచి కొట్టి ఆగింది. కరెంటు పోయింది. ఆటో నడిపే భర్త ఎల్లేష్ ఇంకా రాలేదు. కొవ్వొత్తి ముందు బియ్యం ఏరుతుంటే దడ మొదలైంది. వేళ్లు మణికట్టు దాకా పోయి ఆగాయి. చూసుకోవద్దు. ఉట్టి దడ. అదే తగ్గుతుంది.

"తగ్గదు," అన్నారెవరో చెవిలో.

తిరిగి చూసింది. గోడ.

తడిమట్టి వాసనలో ఫినాయిల్ వాసన కలిసింది. మెడకు వెచ్చటి ఊపిరి తగిలింది.

"ఎడమ చెయ్యి గుంజుతాంది సూడు."

నిజంగానే గుంజింది. అప్పుడు తెలిసింది ఆమెకు... ఏడాదిగా తన ఆలోచనలే అనుకున్నవన్నీ ఈ గొంతు చెప్పినవేనని.

రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

"నాడి సూడు."

చూడలేదు.

"ఆగింది... సస్తున్నవే. సూడు."

చెవి పక్కనే ఎవరో పళ్లు నూరిన చప్పుడు. ఒళ్లంతా చెమట. దడ గొంతు దాకా ఎక్కింది... నిలిచింది... మెల్లగా దిగింది. వాసన పోయింది.

ఎల్లేష్ వచ్చాడు. జరిగిందంతా విని నవ్వాడు.

"నీ మనసే మాట్లాడింది. డాక్టరమ్మ చెప్పలేదా?"

ఇద్దరూ అన్నానికి కూర్చున్నారు. ఎన్నాళ్లకో నిరోషకు ఆకలేసింది. నాలుగు ముద్దలు తిన్నాక ఎల్లేష్ చెయ్యి ఆగింది. దవడ కింద తడుముకున్నాడు.

"నిరోషా... గీడ గడ్డ ఉన్నది."

ఆమె వేలు పెట్టి చూసింది. మెత్తటి చర్మం తప్ప ఏమీ లేదు.

"ఏం లేదు. తిను."

"ఉన్నది," గుసగుసగా అన్నాడు. "పెరుగుతాంది."

అతను ఆమెను చూడటం లేదు. ఏదో వింటున్నట్టు తల వంచాడు.

గదిలో గాలి లేదు. కొవ్వొత్తి మంట నిటారుగా నిలబడి ఉంది. అతని చెవి మీది వెంట్రుకలు మాత్రం... లేస్తూ, పడుతున్నాయి.