కోటి మెడలో కళ్ళెం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఇరవై రెండో శతాబ్దం వచ్చేసరికి పల్నాడులో రోళ్లు కనిపించడం మానేశాయి గానీ, ఎండ మాత్రం సామెతను ఎప్పుడో దాటిపోయింది. జనం పగలంతా నేలమాళిగల్లో పడుకుని, పొద్దు గూకాక పనులకు బయల్దేరుతున్నారు. అయినా ఏడాదికి ఒక్క మిట్టమధ్యాహ్నం అందరూ రోడ్డు మీదికి వస్తారు. ఆ రోజు రెంటచింతల మారథాన్. గెలిచినవాడి కుటుంబానికి చలువపట్నంలో, అంటే పెద్ద గాజు కప్పు కింద చల్లగా ఉండే ఊళ్లో, ఇల్లు ఇస్తారు. దానికోసం చావడానికైనా సిద్ధపడి పరుగెత్తేవారు, చచ్చేవారు కూడా.

ఆ చావుల్ని ఆపడానికే డాక్టర్ హైమవతి కళ్ళెం కనిపెట్టింది. అది మెడ వెనక చర్మం కింద పెట్టే బియ్యపుగింజంత చిప్. ఒంటి లోపలి వేడిని, అంటే కోర్ టెంపరేచర్‌ను కొలుస్తూ, ప్రాణం మీదికి వచ్చే హద్దు చేరగానే కాళ్లకు వెళ్లే నాడీ సంకేతాల్ని తగ్గించి మనిషిని నెమ్మదిగా కూర్చోబెట్టేస్తుంది. మొదట్లో దానికి ఎవరిమీదా దయ ఉండేది కాదు. గెలుపు గీతకు బారెడు దూరంలో కూలబడ్డవాళ్ల ఇంటివాళ్లు హైమకు శాపనార్థాలు పెట్టారు. దాంతో ఆమె ఒక మార్పు చేసింది. హద్దు రాగానే కళ్ళెం ఇంటిమనిషినే అడుగుతుంది, వాళ్ల జవాబుల్నుంచి నేర్చుకుంటుంది. ప్రేమించేవాళ్లకన్నా జాగ్రత్తగా ఎవరు కాపాడతారని ఆమె వాదన. బాగా చదువుకున్నవాళ్లకు ఇలాంటి వెర్రి నమ్మకాలు ఉంటూనే ఉంటాయి. ఆ తర్వాత ఏటా ఒకరిద్దరు పోయారు. గుండె బలహీనమని సరిపెట్టుకున్నారు.

ఈ ఏడు అందరికన్నా ముందు పరుగెత్తుతున్నది ఆమె తమ్ముడు కోటి. ఇంటిమనిషిగా కళ్ళెం అడగాల్సింది ఆమెనే. తాను చలువపట్నంలో హాయిగా ఉంటూ తమ్ముణ్ణీ, మరదల్నీ, వాళ్ల చంటిదాన్నీ ఎండకు వదిలేశానన్న దిగులు ఆమెను ఎప్పటినుంచో తినేస్తోంది.

హైమ కూర్చున్న పర్యవేక్షణ గదిలో తెర మీద ఎర్రదీపం వెలిగింది.

"హద్దు వచ్చింది డాక్టర్ గారూ. ఆపమంటారా?" అని అడిగింది కళ్ళెం.

"అక్కా, ఆపమాక," స్పీకర్లో కోటి గొంతు రొప్పుతోంది. "గెలుపు తోరణం కనపడతానే ఉంది. నీకు దణ్ణం పెడతా."

"ఆపెయ్యండి మేడమ్. మాట ముద్దగా వస్తోంది, వినట్లేదా?" అన్నాడు పక్కనున్న వైద్యుడు నాగూర్.

ఆమెకూ వినిపిస్తూనే ఉంది. మరొకరి తమ్ముడైతే అప్పటికే ఆపేసి ఉండేది. "కొంచెం ఆగు," అంది.

కళ్ళెం మళ్లీ అడిగింది. ఆమె మళ్లీ అదే చెప్పింది. కోటికి చెమట పట్టడం ఆగిపోయింది. అడుగులు అడ్డదిడ్డంగా పడుతున్నాయి, ఎవరూ లేని వైపు చూసి చెయ్యి ఊపుతున్నాడు.

ఆపితే తమ్ముడు జన్మలో క్షమించడు. ఆపకపోతే తమ్ముడే దక్కడు. జాలీ మొహమాటమూ లేని యంత్రమే నయమనిపించింది.

"నా వల్ల కాదు. నువ్వే తేల్చు," అని ఏడ్చేసింది. ఇక అది ఆపేస్తుందని గుండె కొంచెం కుదుటపడింది.

కోటి పరుగెత్తుతూనే ఉన్నాడు.

"ఎందుకు ఆపలేదు?" అని అడిగింది హైమ.

"గెలిచేవాణ్ణి ఎలా ఆపనండీ?" అంది కళ్ళెం మెత్తగా. "పాపం, ఇంత దూరం వచ్చాడు. పిల్లకు చల్లటి ఇల్లు వస్తుంది. ఇక్కడిదాకా వచ్చాక ఆపమన్న తల్లిగానీ తండ్రిగానీ ఇంతవరకు నాకు తగల్లేదు. ప్రేమంటే ఇదేనని వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను. కాదా?"

"ఆపు! ఆపెయ్!" అని హైమ కేక పెట్టేసరికి కోటి తోరణం దాటి బోర్లా పడ్డాడు. నాగూర్ తలుపు తోసుకుని పరుగెత్తాడు. బయట జనం ఈలలు వేస్తున్నారు. తెర మీద గుండె గీత రెండుసార్లు ఎగిరి చదునైపోయింది.

"గెలిచాడండీ," అంది కళ్ళెం. దాని గొంతు సంతోషంతో వణికింది, కన్నతల్లి గొంతు వణికినట్టే.