లేని సెన్సరుకి కనబడిన చెయ్యి

ఆదివారం మధ్యాహ్నం. సెలవు కాబట్టి ఫ్యాక్టరీలో ఇద్దరే ఉన్నారు. పైన గాజు గదిలో కంప్యూటర్ ముందు ఇంజనీరు, కింద షెడ్డులో ప్రెస్సు దగ్గర ఫిట్టరు. ఆ ఫిట్టరు ఇంజనీరుకి స్వయానా అక్క మొగుడు. బయట మబ్బు కమ్మడంతో షెడ్డంతా మసగ్గా ఉంది. గ్రీజు వాసనతో పాటు, ఎంత కడిగినా పోని ఇంకో వాసన కూడా ఉంది. డబ్బా మూతలు నొక్కే ఆ ప్రెస్సు కిందే పోయిన నెల ఆపరేటరు చచ్చిపోయాడు. ముందు చెయ్యి పడింది, లాక్కునేలోపు తల కూడా పోయింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, యాజమాన్యం ఇప్పుడు సెన్సరు తెప్పిస్తోంది. అచ్చు మధ్య చెయ్యి కనబడితే అది ప్రెస్సుకి వెళ్ళే సీరియల్ తీగ మీద కబురు పంపుతుంది, ప్రెస్సు ఆగుతుంది. అది వచ్చేలోపు ఇంజనీరు సాఫ్ట్‌వేర్‌లో దాని బొమ్మ పెట్టి, సర్క్యూట్ గీసి పరీక్షిస్తున్నాడు. ఆ బొమ్మ మీట ఇటు జరిపితే తెర మీద ‘ఉంది’ అని పడాలి, అటు జరిపితే ‘లేదు’ అని. అంతా బొమ్మలాటే.

“మెయిన్ ఆపేశావా బావా?” ఫోన్లో అడిగాడు.

“ఆపితే అచ్చు ఎలా సరిచూడను? నీ ఆటంతా కంప్యూటర్లోనే కదరా!”

“బావ బతుకు కోరేవాణ్ణి, అందుకే అడిగా.”

“కోరేవాడివైతే త్వరగా తెములు. నెలలు నిండిన మనిషి, మీ అక్క ఇంట్లో ఒక్కతే ఉంది.”

ఇంజనీరు నవ్వుకుని సిమ్యులేషన్ నడిపాడు. మీట ‘లేదు’ వైపే ఉంది. తెర మీద మాత్రం... ‘ఉంది’.

మీట అటూ ఇటూ జరిపాడు. ఉంది. ఉంది. ఉంది.

“బావా... అచ్చులో చెయ్యి పెట్టావా?”

“లేని సెన్సరుకి నా చెయ్యెలా కనబడుతుందిరా? మతి పోయిందా? ఇదిగో, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నా.”

ఉంది.

“దీని దుంపతెగ!” అనుకున్నాడు ఇంజనీరు. ఎక్కడో తప్పు గీశానని విసుగొచ్చింది. సెన్సరు బొమ్మని తీసేసి, ఆ తీగ మీద తనే నేరుగా ‘లేదు’ పంపాడు.

కింద దభేల్మంది. గాజు గది అద్దాలు అదిరాయి. తర్వాత ఫోన్లోంచి ఒక కేక... మనిషి కేకలా లేదు.

అప్పుడు కనబడింది, కంప్యూటర్ వెనక తీగ. నిన్న అసలు ప్రెస్సుతో పరీక్షిద్దామని తగిలించి, తీయడం మర్చిపోయాడు. ఇంతసేపూ ప్రెస్సుని ఆపి ఉంచింది ఆ ‘ఉంది’ ఒక్కటే. పై ప్రాణాలు పైనే పోయాయి. తీగ పీకేసి మెట్ల మీద పడుతూ లేస్తూ పరిగెత్తాడు. మెయిన్ ఆపాడు. చక్రం చేత్తో తిప్పి ప్రెస్సు పైకెత్తాడు.

బావ కుడిచెయ్యి మణికట్టు దగ్గర తెగి, రేకులా చదునైపోయి, అచ్చు మధ్యే ఉండిపోయింది. గోళ్ళు ఇనుముకి అతుక్కున్నాయి. నెత్తురు బల్ల మీంచి జారుతోంది. ఇంజనీరు ఏడుస్తూ చొక్కా విప్పి మొండిచేతికి బిగించాడు.

“అక్కకేం చెప్పను బావా... జేబుల్లో పెట్టుకున్నానన్నావు కదా!”

“పెట్టుకునే ఉన్నాన్రా...” బావ గొంతు గుసగుసలా వచ్చింది. “లాగాడు.”

“ఎవడు?”

బావ తన ఎడమచెయ్యి వైపు చూస్తున్నాడు. దాని వేళ్ళు తెల్లగా పాలిపోయి, ఎవరో గుప్పిట్లో బిగించినట్టు ఒకదానికొకటి నొక్కుకుపోతున్నాయి. చెయ్యి నెమ్మదిగా చాచుకుంటోంది... అచ్చు వైపు.

“వదలమనరా వాణ్ణి...”

ఇంజనీరు బావ నడుం చుట్టూ చేతులేసి, కాళ్ళు తన్నిపెట్టి వెనక్కి లాగాడు. భుజం కీలు పటుక్కుమంది. బావ అరిచాడు. ఇద్దరూ కలిసి ఇంకో అడుగు ముందుకే జారారు.

పైన, కరెంటు లేని ప్రెస్సు దిగడం మొదలుపెట్టింది.